కదిలిన గుడులు, మునిగిన ఊళ్లు

మన పాఠశాలలలో చరిత్ర పాఠము సింధునదీ తీరమున ఆరంభమగును. హరప్పా వీధులు ఎంత సూటిగా ఉండెడివో, మొహెంజొదారో స్నానవాటికను ఎట్లు కట్టిరో విద్యార్థి చక్కగా అప్పజెప్పును. అది తెలిసియుండవలసినదే. కాని ఆ విద్యార్థినే పిలిచి, "మీ ఊరి బొడ్రాయికి ఎదురుగా పాతిన రాతిమీద కత్తి పట్టి నిలిచిన ఆ వీరుడెవడు?" అని అడిగినచో తెల్లమొగము వేయును. పాఠము చెప్పిన పంతులుగారికిని తెలియకపోవచ్చును. ఆ రాతిని గూర్చి ఏ పుస్తకమునందును లేదు. పుస్తకములో లేదు గనుక అది చరిత్ర కాదని మనమందరము మాట్లాడుకొనకయే ఒక నిశ్చయమునకు వచ్చియున్నాము.

ఈ నిశ్చయమువలన ఎంత నష్టము కలుగునో తెలిసికొనుటకు నడిగడ్డ కంటె తగిన చోటు లేదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల, మల్దకల్లు, ఆలంపురము ప్రాంతమును అక్కడివారు ఆ పేరుతోనే పిలుతురు. ఒకనాడు ఇది రాయచూరు జిల్లాలోనిది. 1956లో మహబూబునగరు జిల్లాలో కలిసినది. 2016 నుండి జోగుళాంబ పేరుతో వేరు జిల్లాయైనది. ఏలిన రాజ్యములు మారినవి, జిల్లాలు మారినవి. మారక నిలిచినవి రెండే: నదులు, రాళ్లు. ఆ రెండింటికిని మన కాలములోనే వైరము వచ్చినది.

తుంగభద్ర ఒడ్డున ఆలంపురమున్నది. శ్రీశైలమునకు పశ్చిమద్వారమని దానికి ప్రసిద్ధి. శాసనములలో హలంపురము మొదలైన రూపములలో ఈ పేరు కనిపించును. క్రీస్తుశకము ఏడు, ఎనిమిది శతాబ్దులలో బాదామి చాళుక్యుల కాలమున ఇక్కడ తొమ్మిది ఆలయములు వెలసినవి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని వాటికి పేర్లు. ప్రతి పేరు చివరను బ్రహ్మశబ్దము చేరును. పేరు బ్రహ్మదైనను అన్నియు శివాలయములే. ఒక రససిద్ధుడు ఈ గుడులను కట్టించెనని స్థలపురాణము చెప్పును. స్వర్గబ్రహ్మాలయమునందలి శాసనము మాత్రము 681 మొదలు 696 వరకు రాజ్యము చేసిన వినయాదిత్యుని కాలమును చూపును. విద్యార్థికి రెండును చెప్పవలెను. ఒకటి జనము నమ్మినది, రెండవది రాయి పలికినది. రెంటికిని గల భేదమును గుర్తించుటయే చరిత్ర చదువునకు మొదటి మెట్టు.

తారకబ్రహ్మాలయము తప్ప తక్కినవి నాగరరీతి గుడులు. అడుగున నలుచదరముగా మొదలైన శిఖరము క్రమముగా లోపలికి వంగుచు పైకిపోయి, ఉసిరికాయవలె నొక్కులు దేరిన ఆమలకముతో ముగియును. ఉత్తరదేశమున, ఒరిస్సాలో విరివిగా కనిపించు ఈ పద్ధతి తుంగభద్ర ఒడ్డుకు ఎట్లు వచ్చినది? సమాధానమునకు నదినే అడుగవలెను. చాళుక్యుల పట్టదకల్లు మలప్రభ ఒడ్డున ఉన్నది. అక్కడ నాగర శిఖరములును ద్రావిడ విమానములును ప్రక్కప్రక్కనే నిలిచియున్నవి. మలప్రభ కృష్ణలో కలియును. కృష్ణ దిగువకు వచ్చి తుంగభద్రను కలిసికొనును. ఒకే నీటి దారి వెంట ఒకే శిల్పవిద్య నడచినది. పట్టదకల్లును 1987లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినారు. ఆలంపురము ఆ కుటుంబములోనిదే. నదినీ ఒడ్డునూ విడిచి ఈ గుడులను చూచినచో అవి అందమైన రాళ్లు మాత్రమే. నదితో కూడ చూచినచో అవి ఒక రాజ్యము నడచిన మార్గము.

ఈ విషయమును తెలుగువారికి తెలియజెప్పుటకు ఆలంపురముననే నివసించి జీవితమును ధారపోసిన పండితుడు గడియారం రామకృష్ణశర్మగారు. అచటి శాసనములను చదివినారు. శిథిలములను గూర్చి వ్రాసినారు. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు ఆ ఊరిలో జరిగినప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు విచ్చేసినారు. కాళోజీ 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించినది ఆ సభలలోనే. శర్మగారు 2006లో కాలధర్మము చెందినారు. మరుసటి సంవత్సరము వారి ఆత్మకథ 'శతపత్రము'నకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. పెద్ద నగరమునకు పోకుండ, తన ఊరి రాళ్ల ఎదుట కూర్చుండి కూడ జాతికంతకును పనికివచ్చు పాండిత్యము సంపాదింపవచ్చునని నిరూపించిన జీవితమది. ఉపాధ్యాయులు గుర్తుంచుకొనదగినది.

ఇక నీటి కథకు వత్తము. 1963 జూలై 24న జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలము ప్రాజెక్టునకు శంకుస్థాపన చేసినారు. 1980ల నాటికి జలాశయము నిండనారంభించినది. దాని పూర్తి మట్టము 885 అడుగులు. ఆ మట్టమునకు లోపల కృష్ణా తుంగభద్రల లోయలో ఉన్నదంతయు మునుగవలసినదే. నూరు గ్రామములకు పైగా ఖాళీయైనవి. వాటితోపాటు అనేక దేవాలయములు నీటిపాలు కావలసియుండెను. పురావస్తు శాఖవారు వాటిలో ముఖ్యమైనవాటిని ఎత్తుకొనివచ్చినారు. ప్రతి గుడికిని పటములు గీసి, ప్రతి రాతికిని అంకె వేసి, శిఖరము నుండి పునాది వరకు విప్పి, బండ్లకెక్కించి, ఎత్తైన నేలమీద అంకెల వరుసతో మరల పేర్చినారు. పాపనాశి ఆలయములు ఇరువదికి పైగా అట్లు తరలినవి. కూడవెల్లి సంగమేశ్వరుడు ఆలంపురమునకు వచ్చినాడు. జటప్రోలు మదనగోపాలస్వామి, సోమశిల సోమేశ్వరుడు గట్టుమీదికి నడచినారు. ఆలంపురము మునుగకుండ నదివైపున రక్షణకుడ్యము నిర్మించినారు. ఎండలో నిలబడి రాతి వెంబడి రాతిని లెక్కించిన ఆ ఉద్యోగులను, వడ్డెరలను, శిల్పులను మనము కృతజ్ఞతతో స్మరింపవలెను. వారు లేనిచో ఈనాడు చూచుటకేమియు మిగిలెడిది కాదు.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. మనము నిజముగా దేనిని రక్షించినాము?

కూడవెల్లి గుడినే చూడుడు. తుంగభద్ర కృష్ణలో కలియుచోట కట్టిన గుడి గనుక ఆ స్వామికి సంగమేశ్వరుడని పేరు. ఇప్పుడా గుడి ఆలంపురమున క్షేమముగా ఉన్నది. గోడలు ఉన్నవి, విగ్రహములు ఉన్నవి. సంగమము మాత్రము అక్కడ లేదు. ఏ ఫలకమును చదువని బాలుడు, "ఇక్కడ ఏ నదులు కలియుచున్నవి?" అని అడిగినచో మనము చెప్పవలసిన సమాధానము, "ఇక్కడ కాదు నాయనా, అక్కడ" అని. రాయి దక్కినది, ఆ రాయి ఎందుకు అక్కడ పుట్టినదో చెప్పెడి చోటు దక్కలేదు.

దీనికి సరిగా ఎదురైన కథ జోగుళాంబది. అష్టాదశ శక్తిపీఠములలో ఒకటియైన ఆ ఆలయము పదునాలుగవ శతాబ్దమున పాడైనదని ప్రతీతి. అమ్మవారి మూర్తిని బాలబ్రహ్మాలయమున ఉంచి శతాబ్దులపాటు పూజించినారు. గుడి లేదు, కాని గుడి ఉన్న చోటు ఇదియని ఊరు మరువలేదు. అందుచేతనే 2005లో ఆ స్థానముననే క్రొత్త ఆలయము లేచినది. ఒకచోట రాయి పోయి స్థలము నిలిచినది. వేరొకచోట స్థలము పోయి రాయి నిలిచినది. మొదటి దానిని జ్ఞాపకము కాపాడినది. రెండవదానికి ఆ జ్ఞాపకమును ఎవరు కాపాడవలెను?

నదికి ఆవలి ఒడ్డున, నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరమున జనమే ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నారు. అక్కడి రూపాల సంగమేశ్వరాలయమును కర్నూలు చేరువనున్న జగన్నాథగట్టునకు తరలించినారు. కాని సప్తనదుల సంగమమున వేపమొద్దు లింగముగా వెలసిన స్వామి గుడి నీటిలోనే ఉండిపోయినది. వర్షకాలమున జలాశయము నిండగానే అది మునుగును. వేసవిలో నీరు తీయగానే మొదట శిఖరము, పిదప గోడలు, చివరకు గర్భగుడి బయటపడును. వెంటనే జనము పుట్టీలు ఎక్కి, బురదలో నడచి పోయి దీపము పెట్టుదురు. గట్టుమీది గుడికి దారి సులువు. అయినను ఆ బురదలోనికే పోవుదురు. పండితులు గ్రంథములలో చెప్పుమాటను వారు కాలినడకతో చెప్పుచున్నారు: క్షేత్రమనగా కట్టడము మాత్రమే కాదు.

ఈ ఎరుక లోకమున మరియొకచోట ఎట్లు ఆచరణకు వచ్చినదో చూతము. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్టవలన అబూ సింబెల్ గుహాలయములు మునుగు దశ వచ్చినది. 1964 నుండి 1968 వరకు అనేక దేశములవారు కూడి వాటిని ఖండములుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తునకు చేర్చినారు. వారు ఆలయమును ఎత్తుటతో ఊరకుండలేదు. దాని వెనుక కొండను కూడ కట్టినారు. ఏడాదికి రెండు పర్యాయములు ఉదయభానుని కిరణములు గర్భగుడి లోపలి మూర్తులపై పడు ఏర్పాటు మూడువేల యేండ్లుగా ఉన్నది. ఆ దిక్కు తప్పకుండ లెక్క చూచి మరల నిలిపినారు. ఆలయమునకు సూర్యునితో గల సంబంధము కూడ ఆలయములో భాగమేయని వారు గ్రహించినారు.

మన దేశములో ఈ పని అంతకు ముందే జరిగినది. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలములు 1926లో వెలుగుచూచినవి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. లోయ మునుగునని తెలిసిన తరువాత, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున నూటికి పైగా స్థలములను త్రవ్వి పరిశీలించినారు. తొమ్మిది కట్టడములను కొండపైన మరల నిర్మించినారు. తక్కినవి నీటి అడుగుననే ఉన్నవి. అయినను ఆ నగరము పూర్తిగా పోలేదు. ఏ విహారము ఎక్కడ ఉండెనో, కోట గోడకు రేవు ఎంత దూరమో పటములలో ఉన్నది. మునిగిన దానిని కూడ వ్రాతతో కొంత నిలుపవచ్చునని విజయపురి నేర్పిన పాఠము.

త్రవ్వకమున దొరికిన వస్తువు కంటె అది దొరికిన తావు ఎందుకంత ముఖ్యమని విద్యార్థులు అడుగవచ్చును. శ్రీశైలము ముంపు ప్రాంతమున వీరాపురమను చోట బిర్లా పురావస్తు సంస్థవారు 1979 తరువాత త్రవ్వకములు జరిపినారు. నవశిలాయుగము మొదలు చారిత్రకయుగము వరకు జనము నివసించిన జాడలు పొర మీద పొరగా బయటపడినవి. మహారథుల నాణెములు దొరికినవి. ఇటుక గుడుల పునాదులు కనిపించినవి. నాణెము ఏ పొరలో, ఏ గోడ ప్రక్కన దొరికినదో తెలిసినప్పుడే అది ఆ గోడ వయస్సును చెప్పగలదు. అదే నాణెమును ఎవడో జేబులో వేసికొని వచ్చి అంగడిలో అమ్మినచో, కొన్నవానికి లోహము దక్కును. చరిత్ర ఎవరికిని దక్కదు. శాసనమైనను, వీరగల్లైనను, నాగశిలయైనను ఇదే న్యాయము.

మరియొక లోపమును కూడ చెప్పకతప్పదు. గుడి రాళ్లకు అంకెలు వేసినారు గాని, గుడిచుట్టు బ్రతికిన జనమునకు అంతటి శ్రద్ధ దక్కలేదు. ఇన్ని ఊళ్లవారు చెదరి నలుగడల స్థిరపడినారు. ఏ వీధిలో ఎవరుండిరి, ఏ బావికి ఏ పేరు, ఏ చేనిగట్టున ఏ పండుగ జరిగెడిది, ఏ రేవున పుట్టి ఎక్కెడివారు అను సంగతులు వారి మనస్సులలోనే ఉండిపోయినవి. ఆ వలస నాటికి ముప్పదియేండ్ల వయస్సున్నవారు ఈనాడు డెబ్బది దాటినవారు. ఒక్కొక్కరు తరలిపోవుచున్నకొలది ఒక్కొక్క ఊరు రెండవసారి మునుగుచున్నది.

ఆనకట్టలు కట్టవలదని నా వాదము కాదు. ఆ నీటితో వచ్చిన వెలుగును, పండిన పంటను తక్కువచేసి మాటాడుట కృతఘ్నత. అన్నమునకును శిల్పమునకును పోటీ పెట్టి శిల్పమునకే ఓటు వేయుమని ఆకలిగొన్నవానిని ఎవరును అడుగజాలరు. నేను చెప్పునది వేరు. నీటికి బలియైన ఊళ్లకు కనీసము హెచ్చరిక ఉండెను. ముంపు రేఖ గీచినారు, గడువు చెప్పినారు, పటము తీయుటకు మనుష్యులు వచ్చినారు. ముంపు లేని ఊళ్లలో జరుగుచున్న నష్టమునకు హెచ్చరిక లేదు, గడువు లేదు, లెక్క లేదు.

ఆ నష్టము ఏ రూపమున వచ్చుచున్నదో అందరమును ఎరుగుదుము. గుప్తనిధి ఉన్నదని రాత్రివేళ నందిని పగులగొట్టుదురు. రోడ్డు వెడల్పు చేయునప్పుడు వీరగల్లును త్రోసి కాలువకు మూతగా వేయుదురు. గుట్టను పిండిచేయుటకు వచ్చిన యంత్రము ఆదిమానవుడు గీసిన బొమ్మకును మామూలు బండకును భేదమెరుగదు. అన్నిటికంటె విచారకరమైనది భక్తితో జరుగు విధ్వంసము. జీర్ణోద్ధారణ పేరుతో పాత స్తంభములకు రంగు నూనె పూయుదురు. శాసనమున్న గోడపై సున్నమో సిమెంటో మెత్తి దానిమీద దాతల పేర్లు చెక్కింతురు. దానమును హరించినవారికి మహాపాపము చుట్టుకొనునని పూర్వులు శాసనముల చివర హెచ్చరించిరి. దానమును నిలుపుటకై వచ్చినవారే ఆ అక్షరములను పూడ్చుదురని పాపము వారు ఊహింపలేదు.

చట్టములు లేకపోలేదు. ప్రాచీన కట్టడముల రక్షణకు 1958 నాటి కేంద్ర చట్టమున్నది. తెలంగాణమునకు 2017 నాటి వారసత్వ చట్టమున్నది. భూమిలో పది రూపాయల విలువకు మించిన నిక్షేపము దొరికినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే విధించినది. సంస్కృతీ వారసత్వమును కాపాడుట పౌరుని ప్రాథమిక విధియని 1976లో రాజ్యాంగమున చేర్చినారు. కాని చట్టము తన జాబితాలో ఉన్నదానిని కాపాడును. జాబితాకెక్కని రాతిని కాపాడవలసినవారు ఆ ఊరివారే. ఊరిలో చదువు వచ్చి, పిల్లలను పోగుచేయగలిగి, పదిమంది మాట వినునట్టి స్థానమున ఉన్నవాడు ఉపాధ్యాయుడు.

కావున ప్రతి పాఠశాలయందును ఒక "ఊరి రాళ్ల పుస్తకము" ఉండవలెనని నా మనవి. దానికి ధనము అక్కరలేదు. గట్టి అట్ట గల నోటుపుస్తకము, కొలబద్ద, చేతిలోనున్న ఫోను చాలును. ఒక్కొక్క రాతికి ఒక్కొక్క పుట. ఎక్కడ ఉన్నది, ఏ దిక్కునకు తిరిగియున్నది, ఎత్తెంత, వెడల్పెంత, దానిమీద ఏమున్నది, ఊరివారు దానినేమందురు, దానిని గూర్చి పెద్దలు చెప్పు కథయేమి, చెప్పినవారెవరు, ఏ తేదీన వ్రాసితిమి. ఇద్దరు ముసలివారు రెండు కథలు చెప్పినచో రెండింటిని వ్రాయవలెను. మనకు నచ్చినదానిని ఉంచి తక్కినదానిని కొట్టివేయరాదు. ముంపు ఊరినుండి వచ్చి స్థిరపడిన కుటుంబములున్నచో వారి పాత ఊరికి వేరుగా కొన్ని పుటలు కేటాయింపవలెను. వీధుల పటమును వారిచేతనే గీయింపవలెను.

కొన్ని జాగ్రత్తలు కూడ అవసరము. అక్షరములు కనబడవలెనని ఇనుపచువ్వతో గీకరాదు, సుద్ద రుద్దరాదు, ఆమ్లములతో కడుగరాదు. ప్రొద్దుటిపూట, సాయంసమయమున ఏటవాలుగా వెలుగు పడునప్పుడు అరిగిన అక్షరములు సైతము నీడలతో లేచి కనబడును. అప్పుడు ఛాయాచిత్రము తీసిన చాలును. తడికాగితము పరచి సిరాతో అచ్చుతీయుపని శాసనశాస్త్రజ్ఞులకు విడువవలెను. రాతిని ఉన్నచోటినుండి బడికి తెచ్చి అలంకరింపరాదు. అట్లు చేసినచో మనమును ఒక చిన్న ముంపును సృష్టించినవారమగుదుము.

ఇంత శ్రమకు ఫలమేమని సంశయింపనక్కరలేదు. కృష్ణ ఒడ్డున, నేటి నారాయణపేట జిల్లా ముడుమాలలో పొలముల నడుమ నిలువురాళ్లున్నవి. మూడువేల యేండ్లకు పైబడినవని పరిశోధకులు చెప్పు ఆ రాళ్లు తరతరములుగా రైతుల కండ్లయెదుటనే ఉన్నవి. 2025లో అవి ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాకెక్కినవి. ఆ రాళ్లు ఉన్నచోటనే ఉండుటచేత, వాటి వరుసకును ఆకాశమునకును గల సంబంధమును పరిశీలించుట సాధ్యమైనది. ఎవరైన వాటిని పెరికి ఒక తోటలో అందముగా నిలిపియుండినచో ఈ పరిశీలనకు ఆధారమే ఉండెడిది కాదు.

విద్వద్గద్వాలయని పేరుగాంచిన గద్వాలలో సోమభూపాలుని కోటలోపలనే కళాశాల ఉన్నది. శిథిలముల నడుమ కూర్చుండి చదువుకొను భాగ్యము అందరికిని రాదు. మల్దకల్లులో తిమ్మప్పను కొలుచుటకు ఏటేటా జనము తరలివత్తురు. ఆ ఊరి పేరు చివర "కల్" అని ఉన్నది. పొరుగుననే వినిపించు కన్నడమున కల్లనగా రాయి. ఊరి పేరు వినినంతనే ఇది ఏ రాయియో అడుగవలెనని తోచిన విద్యార్థికి చరిత్ర అప్పుడే అబ్బినట్లు. ఆ ప్రశ్నను పుట్టించుట ఉపాధ్యాయుని పని. జవాబును వెదకుట ఊరందరి పని.

2009 అక్టోబరు వరదలో తుంగభద్ర ఆలంపురములోనికే వచ్చినది. రక్షణకుడ్యము ఉండియు ఊరు నీట నిలిచినది. గోడ ఎంత ఎత్తుగా కట్టినను దానిని దాటు నీరు ఎప్పుడో ఒకప్పుడు వచ్చునని నది ఆ దినమున చెప్పిపోయినది. రాతిగోడ కంటె ఎక్కువకాలము నిలుచునది తెలిసిన మనుష్యుల వరుస. తాత చెప్పినదానిని మనుమడు వ్రాసి, ఆ వ్రాతను బడి భద్రపరచినచో, రాయి కదిలినను, ఊరు మునిగినను, దాని చోటు మనకు తెలిసియే ఉండును. ఈ సంవత్సరము బడి తెరచిన మొదటివారముననే ఆ పుస్తకమునకు మొదటి పుట వ్రాయవచ్చును.